పాముకి ఇల్లు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దాయన ఎవరో గానీ పాముకి ఇల్లు కట్టి ఉండడు. కట్టి ఉంటే పెళ్లి ఊసెత్తేవాడే కాదు. మేం కట్టాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, 30 ఏళ్ల వాయిదాల మీద కొన్న ఇంట్లో, హాల్లో సోఫా ఉండాల్సిన చోట. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. మీ ఇంట్లోనూ 12 ఏళ్ల పిల్లాడు "నాన్నా, అది కరవదు" అని మొదలుపెట్టి ఉంటే ఈ నాలుగు ముక్కలు పనికొస్తాయి. చివరికి వాడే గెలుస్తాడు, అందులో సందేహం పెట్టుకోకండి.

మొట్టమొదట పామును కొనెయ్యండి. ఇల్లు తరవాత చూసుకోవచ్చు. తెలివైనవాళ్లు ముందు పెట్టె అమర్చి, వారం రోజులు వేడీ తేమా నిలకడగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు పామును తెచ్చుకుంటారట. వాళ్ల ఇళ్లలో చెప్పుకోవడానికి కబుర్లేం ఉంటాయి? మాది 2020 జూన్. బడి లేదు, ఆఫీసు లేదు. జనవరిలో ఆరు నెలలకని తెనాలి నుంచి వచ్చిన అమ్మ విమానాలు లేక ఇక్కడే ఇరుక్కుపోయింది. పిల్లాడు అడిగితే నేను "ఆలోచిద్దాంలే" అన్నాను. అమెరికాలో పుట్టిన పిల్లలు దాన్ని అనుమతి అంటారు. ఒక గురువారం పొద్దున గుమ్మంలో థర్మోకోల్ పెట్టె, అందులో మూతి కట్టిన గుడ్డసంచి, సంచిలో ఏడాది వయసున్న బాల్ పైథాన్. పాము 60 డాలర్లు, దాని ప్రయాణ ఖర్చు 50. ఆ రాత్రికి మా ఆవిడ బియ్యం పోసుకునే డబ్బాకి చిల్లులు పొడిచి అందులో పెట్టాం. ఆ డబ్బా మళ్లీ వంటింటి మొహం చూడలేదు.

ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు "కొండచిలువ" అనకండి. నిజానికి అదే, కాకపోతే చిన్నజాతిది. పశ్చిమాఫ్రికాలో, ఘనా, టోగో, బెనిన్ వైపు, ఎలుక బొరియల్లో బతుకుతుంది. విషం లేదు. ఎంత పెరిగినా 4, 5 అడుగులు. భయమేస్తే తల మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది, బాల్ అన్న పేరు అందుకే. ఇదంతా అమ్మకి వివరంగా చెప్పాను.

"అంటే ఉండ్రాయన్నమాట" అంది.

పిల్లాడు దానికి నూడుల్ అని పేరు పెట్టాడు. అమ్మ సుబ్బారాయుడు అంది. మా వైపు చీకటి పడ్డాక పాము అనకూడదు, పురుగు అనాలి. కాబట్టి పగలు సుబ్బారాయుడు, దీపాలు పెట్టాక పురుగు. మా ఆవిడ మాత్రం వేళతో పనిలేకుండా "అది" అంటుంది.

ఇక ఇల్లు. దుకాణంలో పాముల కోసమని కట్టగట్టి అమ్మే సరంజామా ఉంటుంది, కళ్లు మూసుకుని అదే కొనండి. మేమూ కొన్నాం. చేపల తొట్టి అంత గాజుపెట్టె, రాత్రంతా వెలిగే ఎర్రబల్బు, కరెంటుతో కాలే ఉత్తుత్తి బండరాయి, అద్దానికి అంటించే థర్మామీటరు. ఆ థర్మామీటరు అద్దం ఎంత వేడిగా ఉందో నిక్కచ్చిగా చెబుతుంది. పాము సంగతి దానికి అనవసరం. బండ ఒక్కోచోట చెయ్యి ఆనించలేనంత కాలుతుంది. పొట్ట కింద కాలుతున్నా పాము ఒక్కోసారి లేవదు, బొబ్బలెక్కేదాకా అలాగే పడుకుంటుంది. ఎర్రబల్బు దాని నిద్ర చెడగొడుతుంది. వారం తిరక్కుండా మొత్తం గరాజ్‌లోకి చేరింది. వాపసు తీసుకోరా అని అడిగితే, తెరిచిన పెట్టె తీసుకోం అన్నారు.

అసలు విషయం ఏమిటంటే పాము ఒంట్లో పొయ్యి లేదు. వెచ్చదనం ఎప్పటికప్పుడు బయటినుంచి అరువు తెచ్చుకోవాలి. అందుకని పెట్టెలో ఒక చివర 90 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో చివర 78 ఉండాలి. తిన్నది అరిగించుకోవడానికి ఇటు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి అటు, అది తనే జరుగుతుంది. వేడి దీపానికి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే మీరు పామును పెంచడం లేదు, వేయిస్తున్నారు. తేమ 60 శాతానికి తగ్గకుండా చూసుకుంటే కుబుసం నిలువునా, మేజోడు విప్పినట్టు ఊడొస్తుంది. తగ్గితే ముక్కలు ముక్కలుగా, కళ్ల మీద పొర మిగిలిపోయి. ఈ ఏర్పాట్లకి మా పెట్టెలో రెండు థర్మామీటర్లు, ఒక తేమ మీటరు, ఏది అటూ ఇటూ అయినా నా ఫోన్‌లో గంట మోగే సదుపాయం ఉన్నాయి. అదే ఇంట్లో చలికాలం హీటరు 68 దగ్గర కట్టేసి ఉంటుంది. బిల్లు సంగతి తెలిసిన మనిషిని, కట్టింది నేనే. అమ్మ గదిలో ఎంత ఉందో ఎవరూ కొలిచిన పాపాన పోలేదు.

వాస్తు చూపించుకోవడం మరవకండి. పెట్టె ఉత్తర దక్షిణాలుగా ఉంది గనక దీపం ఆగ్నేయం మూల, నీళ్ల గిన్నె ఈశాన్యం మూల ఉండాలని అమ్మ తీర్పు చెప్పింది. వేడి ఒక కొసన, నీళ్లు చల్లని కొసన ఉండాలని పిల్లాడు చదివిన పుస్తకాలు కూడా అదే అంటున్నాయి. మా ఇంట్లో బామ్మా మనవడూ ఒకే మాట మీద నిలబడ్డ మొదటి సందర్భం అది.

లోపల దాక్కోవడానికి రెండు గూళ్లు కావాలి, వేడివైపు ఒకటి, చల్లనివైపు ఒకటి. ఒక్కటే పెడితే, చలేసినా సరే, భయంతో అందులోంచి బయటికి రాదు. గూడు విశాలంగా ఉండాలని దయ తలచకండి. ఒంటికి నాలుగువైపులా గోడ తగిలితేనే దానికి ధైర్యం. 20 అడుగుల ఎత్తు హాలు కావాలని అదనంగా డబ్బు కట్టిన వాళ్లం, దాని ముందు కాస్త సిగ్గుపడ్డాం. నేల మీద దేవదారు పొట్టు పోస్తే ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది. ఆ వాసనే పాము ఊపిరితిత్తులకి చేటు. కొబ్బరి పీచు పొట్టు మేలు. ఇటుకలా గట్టిగా అచ్చుపోసి అమ్ముతారు. బకెట్‌లో నీళ్లు పోసి నానబెడితే అరగంటలో పొంగి బకెట్ నిండుతుంది. అమ్మ ఆ ఇటుక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఎంత అని అడిగింది. 14 డాలర్లన్నాను. రూపాయల్లోకి మార్చుకుని, ఇంకేం మాట్లాడకుండా వెళ్లి మంచినీళ్లు తాగింది. ఆవిడ జీవితంలో సగం పీచు నీళ్ల పొయ్యి కిందకి పోయింది మరి.

మూతకి తాళం వద్దు, ఏదైనా బరువు పెడితే చాలు. మేం సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం ఒకటి పెట్టాం. ఇంట్లో అంతకన్నా బరువైనదీ, అంతకన్నా ఖాళీగా ఉన్నదీ లేదు. మూడోరోజు పొద్దున నిఘంటువు అక్కడే ఉంది, మూత వేలెడు జరిగి ఉంది, సుబ్బారాయుడు లేడు. రెండు రోజులు మా ఆవిడ కాళ్లు కింద పెట్టలేదు. చివరికి ఫ్రిజ్ వెనక, మోటారు వెచ్చదనానికి చుట్ట చుట్టుకుని దొరికింది. ఆ సాయంత్రమే తాళం కొన్నాం.

తిండి దగ్గరికొద్దాం. మాది ఉల్లిపాయ కూడా తిథి చూసి తరిగే కొంప. అలాంటి ఇళ్లలో పాము తిండి నిలవకి ఫ్రీజర్‌లో రెండో అర శ్రేష్ఠం. పైన తురిమిన కొబ్బరి, కింద మునక్కాడ ముక్కలు, నడుమ జిప్‌లాక్ సంచిలో గడ్డకట్టిన ఎలుకలు. ఊళ్లో ఉన్నప్పుడు ఎలుకని వదిలించుకోవడానికి బోను పెట్టేవాళ్లం, ఇక్కడ డ్రై ఐసులో పెట్టించి ఇంటికి తెప్పించుకుంటున్నాం. వీటికి సైజులున్నాయి, పేర్లున్నాయి. అప్పుడే పుట్టినది పింకీ, నూగు వస్తే ఫజ్జీ, గెంతడం నేర్చుకుంటే హాపర్. పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంత ఉందో ఎలుకా అంతే ఉండాలి. సంచి మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. మేం రాయలేదు. ఒక ఆదివారం మా ఆవిడ కొబ్బరి అనుకుని తీసి... సరే, ఆ రోజు బయటినుంచి తెప్పించుకుని తిన్నాం.

బతికున్న ఎలుక వేస్తే సహజంగా ఉంటుందనే పెద్దమనుషులు ఉంటారు, వాళ్ల మాట వినండి. ఆకలి లేని పాము పక్కన ఎలుకని వదిలితే పామును ఎలుకే కొరుక్కు తింటుంది, అదీ సహజమే. గడ్డకట్టినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టండి, కొత్త మైక్రోవేవ్ కొనాలని ఉంటే. లేదంటే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దింపి, మర్నాడు సంచితో సహా వేడినీళ్లలో ముంచి, ఒళ్లు 100 డిగ్రీలకి వచ్చాక తుడిచి, పొడుగాటి పటకారుతో తోక దగ్గర పట్టుకుని ఊపాలి. బాల్ పైథాన్ పైపెదవి మీద వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి. చీకట్లో వేడిని పసిగట్టేది వాటితోనే. చల్లటి ఎలుక దాని లెక్కలో రాయి. ఎలుక వాసన అంటిన వెచ్చటి చెయ్యి మాత్రం భోజనం. కాబట్టి చేతులు కడుక్కోకుండా పలకరించండి, నమ్మకం కుదురుతుంది.

మొదటిసారి చూసింది నాకింకా గుర్తే. గూట్లోంచి బొటనవేలంత తల బయటికొచ్చింది. నాలుక రెండుసార్లు ఆడింది. మెడ ఇంగ్లీషు ఎస్‌లా మడత పడింది. తరవాత జరిగింది కంటికి కనపడలేదు, పటకారు మాత్రం పిల్లాడి చేతిలో జర్రున తిరిగింది. చూసేసరికి ఎలుక చుట్టూ మూడు చుట్లు. ఎప్పుడో చచ్చిన ఎలుకని అది మళ్లీ శ్రద్ధగా చంపింది. పది నిమిషాలు ఆగి, వదులు చేసి, ముక్కుతో వెతుక్కుంటూ తల ఎటుందో పట్టుకుంది, ఎందుకంటే మింగడం తలవైపునుంచే. ఒక దవడ ముందుకి, ఇంకో దవడ ముందుకి, మేజోడు ఎక్కించుకున్నట్టు. చివరికి తోక ఒక్కటే పెదవి మీద సేమ్యా పోగులా వేలాడింది. అదీ వెళ్లాక నోరు బార్లా తెరిచి ఆవలించి, దవడలు సర్దుకుంది. "మెతుకు కింద పడకుండా తిన్నాడు" అంది అమ్మ, నా కంచం వైపు చూస్తూ. ఆ తరవాత రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తిన్నది తిరిగొస్తుంది, అది ఇంకో వ్యాసం.

వినాయక చవితి ముందు వారం ఎలుక పెట్టడానికి వీల్లేదని అమ్మ పట్టుబట్టింది. స్వామి వాహనం ఫ్రీజర్‌లో ఉండటమే అపచారం, ఆ వారమైనా వదిలెయ్యమంది. స్వామి నడుముకి పాముంది, పాదాల దగ్గర ఎలుక ఉంది, వాళ్లు సర్దుకోలేదా అన్నాడు పిల్లాడు. ఆ ఎలుక వేడినీళ్లలో తేలడం లేదంది అమ్మ. పస్తుతో నష్టం లేదు, ఆ వయసు పాముకి పది పదిహేను రోజులకి ఒక ఎలుక చాలు.

అసలు పస్తు నవంబరులో మొదలైంది. నాగుల చవితికి, ఇంట్లో సాక్షాత్తూ స్వామి ఉన్నాడు కదా, గిన్నెలో పాలు పోద్దామంది అమ్మ. పాములు పాలు తాగవు, తాగినా అరగవు, పాములవాళ్లు రోజుల తరబడి నీళ్లివ్వకుండా మాడ్చి తెస్తారు గనక దాహానికి తాగుతాయి అని మనవడు అడ్డుపడ్డాడు. అమ్మ పంతం పట్టి, పెరట్లో ఒక పుట్ట వెతుక్కుని, పాలూ చిమ్మిలీ చలిమిడీ పెట్టి దణ్ణం పెట్టుకుంది. టెక్సస్‌లో పుట్ట అంటే నిప్పుచీమల పుట్ట. రెండు పాదాలూ వాచిపోయాయి. ఆ సాయంత్రమే సుబ్బారాయుడు ఎలుక వద్దని మొహం తిప్పుకున్నాడు. చలికాలం ఈ జాతికి ఇది మామూలే, నెలల తరబడి తినకపోయినా తూకం పెద్దగా తగ్గకపోతే కంగారు పడక్కర్లేదు. ఆ ముక్క నాకు చెప్పండి, అమ్మకి చెప్పకండి. తిననివాణ్ణి చూస్తూ ఊరుకోవడం ఆవిడ జన్మలో లేదు. రోజూ పొద్దున పెట్టె దగ్గరికెళ్లి "తిన్నావా నాయనా" అని అడిగేది. జనవరిలో ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యి మీద వేసింది. పొగకి ఇంట్లో ఉన్న ఆరు అలారాలూ మోగాయి. సుబ్బారాయుడు కదల్లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. మన పాముల్ని, నాగు గానీ జెర్రిపోతు గానీ, ఇంట్లో పెంచితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మీకే గది, భోజనం ఉచితంగా ఏర్పాటవుతాయి. బాల్ పైథాన్‌లాంటి విదేశీవైతే ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇంకో సంగతి, ఎక్కడున్నా సరే, ఆయుర్దాయం అడక్కుండా కొనండి. 20, 30 ఏళ్లు అవలీలగా బతుకుతాయి. 2020 జులైలో సెయింట్ లూయిస్ జూలో 62 ఏళ్లుంటాయని అంచనా వేసిన బాల్ పైథాన్ 7 గుడ్లు పెట్టింది, 15 ఏళ్లుగా మగపాము మొహం చూడకుండానే. మా వాడు కాలేజీకి వెళ్లిపోతాడు. ఇంటి వాయిదాలూ సుబ్బారాయుడూ నాతో ఉంటాయి.

చలికాలంలో అమ్మ కుర్చీ ఎప్పుడో హాల్లోకి, పెట్టె ఆగ్నేయం మూలకి జరిగింది. ఎవరూ జరపమనలేదు. జపమాల అక్కడే, తెనాలికి ఫోన్లు అక్కడే. నేను అటూ ఇటూ తిరుగుతూ చూశాను గానీ, పాము మీద ప్రేమ పెరిగిందనుకున్నాను.

ఇక కరెంటు పోతే పామును వెచ్చగా ఉంచే పద్ధతి. కావలసినవి: దిండు గలీబు ఒకటి, ఉన్ని శాలువా ఒకటి, 70 దాటిన మనిషి ఒకరు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19. కరెంటు పోయింది, హీటరు పోయింది, ఆగ్నేయం మూల దీపమూ పోయింది. పిల్లాడు పామును గలీబులో వేసి మూతి కట్టి, చొక్కా లోపల పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. రెండింటికల్లా తల వేలాడేసి నిద్రపోయాడు. అమ్మ ఫ్లాష్‌లైట్ వెలుగులో కాసేపు చూసింది.

"ఒరేయ్, ఆ పురుగుని ఇటియ్యి."

శాలువా తీసి, గలీబును పొట్టకి ఆనించుకుని, మళ్లీ కప్పుకుంది. తెల్లవారాక దీపం వెలిగింది. పామును పెట్టెలోకి దింపుతుంటే అమ్మ కుర్చీలోంచే అంది:

"పాపం, రాత్రంతా కదల్లేదురా. 48 ఏళ్ల కాపరంలో మీ నాన్న ఒక్క రాత్రి ఇంత బుద్ధిగా పడుకోలేదు."