ఎగురని పక్షి ఆత్మకథ

నేనొక బంగారు పిన్నును. గుండ్రని వలయమునకు రెక్కల కొనలు మాత్రమే తగిలియుండగా, ఎగురుచున్నట్లు కనిపించుచు ఎన్నడును ఎగురజాలని పక్షి నా ఆకృతి. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో వెలువరించిన ‘ది హంగర్ గేమ్స్’ నవలలో జన్మించి, 2009లో ‘క్యాచింగ్ ఫైర్’నందు ప్రసిద్ధి గాంచి, 2010లో వచ్చిన మూడవ సంపుటమునకు మా జాతినామమగు ‘మాకింగ్‌జే’నే శీర్షికగా నొసగితిని.

మాది ఒక ప్రభుత్వపు పరాభవమునుండి పుట్టిన వంశము. ఉత్తర అమెరికా శిథిలములపై వెలసిన పానెం దేశమును కాపిటల్ అను నగరము ఏలుచుండెను. పూర్వమొకప్పుడు జిల్లాలు తిరుగబడగా, మనుష్యుల సంభాషణములను విని పొల్లుపోకుండ అప్పగింపగల ‘జాబర్‌జేలు’ అను మగపక్షులను కాపిటల్ వేగులుగా సృష్టించెను. గుట్టు గ్రహించిన తిరుగుబాటుదారులు వానిచెవిని అంతులేని అబద్ధములు వేసి పంపిరి. సిగ్గుపడిన ప్రభువులు, తమంతట తామే నశించునవిగదా యని ఆ పక్షులను అడవికి విడువగా, అవి మాకింగ్‌బర్డ్ ఆడుపక్షులతో జతగూడి మమ్ము గనినవి. మాటలు అప్పగించు విద్య మాకు అబ్బలేదు. పాటను పట్టుకొను విద్య అబ్బినది.

ఆ తిరుగుబాటునకు శిక్షగా ఏటేట 12 జిల్లాలనుండి, 12 మొదలు 18 ఏండ్ల ప్రాయముగల బాలబాలికలను ఒక్కొక్కరి చొప్పున చీట్లు తీసి ఎన్నుకొని, ఆ 24 మందిలో ఒక్కరు మిగులునంతవరకు చంపుకొనజేసి, ఆ సంహారమును ‘హంగర్ గేమ్స్’ అను క్రీడలుగా దేశమంతటికిని టెలివిజన్‌లో చూపుదురు. ఏడాదికి సరిపడు ధాన్యమును నూనెయు కావలెనన్న పేదబిడ్డ తన పేరిట మరియొక చీటి వేయించుకొనవలెను. ఆకలి తీరుటకు వెల మృత్యువునకు మరింత చేరువగుటయే. టెలివిజన్‌లో ఒకచోట యువజనుల పోటీప్రదర్శనమును, వేరొకచోట ఇరాక్ యుద్ధదృశ్యములును చూచుచుండగా ఆ రెండును కలగలిసి తోచుటయు, ఏథెన్సు తన బిడ్డలను క్రీటు రాజునకు బలిపంపిన గ్రీకు గాథయు ఈ కల్పనకు బీజములని నా సృష్టికర్త్రియే చెప్పియున్నది.

నా పూర్వపు యజమానురాలు మేసిలీ డానర్ 50వ క్రీడలలో పక్షుల ముక్కుపోట్లకే బలియైనది. పిమ్మట ఆమె సోదరి కుమార్తెయు, పన్నెండవ జిల్లా మేయరు బిడ్డయునగు మ్యాడ్జ్, 74వ క్రీడలకు చెల్లెలికి మారుగా తానే పోవుచున్న కాట్నిస్ ఎవర్‌డీన్ దుస్తులకు నన్ను తగిలించెను. చలనచిత్రమువారు మ్యాడ్జ్‌ను విడిచి, నన్ను అంగడిలోని ముసలమ్మచేత ఇప్పించిరి. క్రీడారంగమున రూ అను పండ్రెండేండ్ల పిల్ల నన్ను చూచియే కాట్నిస్‌ను నమ్మితినని పలికినది.

అటుపై నన్ను ఎవరెవరు ధరింపలేదు? కాపిటల్ విలాసినులు నా ప్రతిరూపమును నగలుగా చేయించుకొనిరి. పారిపోవుచున్న స్త్రీలు రొట్టెముక్కపై నా ముద్రను సంకేతముగా చూపిరి. నశించినదని అందరు తలచిన పదుమూడవ జిల్లా భూగర్భమునుండి వెలువడిన తిరుగుబాటు సేన కాట్నిస్‌నే మాకింగ్‌జేగా నిలిపి, ఆమె క్రోధమును, కన్నీటిని సైతము ప్రచారచిత్రములలో ఉపయోగించుకొన్నది. విజయానంతరము ఆ తిరుగుబాటునకు నాయకురాలగు కాయిన్, ఈ పర్యాయము కాపిటల్ బిడ్డలతో క్రీడలు జరుపుదమని ప్రతిపాదించినది! కాపిటల్ నిరంకుశ పాలకుడగు స్నోపై విడువవలసిన బాణమును కాట్నిస్ కాయిన్‌పై విడిచిన కారణమును నాకన్న బాగుగ నెరిగినవారు లేరు.

నాకు తోబుట్టువు వంటిదగు మూడువ్రేళ్ల వందనము గ్రంథముదాటి లోకములోనికి నడచినది. 2014లో థాయిలాండులో సైన్యము అధికారమును హస్తగతము చేసికొన్నప్పుడును, 2021లో మయన్మారులోను యువజనులు నిరసనగా ఆ వ్రేళ్లెత్తిరి. థాయిలాండులో అందుకై నిర్బంధము ననుభవించినవారు కలరు. ఆ ధైర్యము వ్రేళ్లది కాదు, వారిది.

కనుక నన్ను ధరింపగోరు పడుచువారికి నేను చెప్పదగినది కొంచెమే. చిహ్నము నిర్దోషి, నిర్గుణము కూడ. రూ నన్ను చూచి నమ్మినది నిజమే, కాని ఆ నమ్మకమును నిలబెట్టినది కాట్నిస్. కాయిన్ పక్షమునను నేనే ఉంటిని; నన్ను చూచి ఆమెను నమ్మినవారు మోసపోయిరి. నన్ను చూచి చేయెత్తుటకు ముందు, నన్ను ధరించినవారు ఎవరి బిడ్డలను ఎచ్చటికి పంపజూచుచున్నారో విచారింపుడు.