పాత కారు మోతకు టీకా తాత్పర్యం

ముందు కొంత బరువు మోయించు ట్రైలరు
పట్టి చక్రమందె గట్టవలయు
ఆగి చూడవలయు నైదాఱు మైళ్ళకే
పాత కారు మోత పద్ధతిదియె

ప్రతిపదార్థం: ముందు = ట్రైలర్ ఇరుసుకు ముందువైపు; కొంత = మరీ ఎక్కువ కాదని భావం; పట్టి = రాచెట్‌తో బిగించే నాడా; చక్రమందె = చక్రానికే, ఛాసిస్‌కు కాదు; మోత = మోసుకుపోవడం. హారన్ మోత అని చెప్పే వ్యాఖ్యాతలు ఉపేక్షణీయులు.

తనంతట తాను నడిచే బండిని ఇంకో బండి మీద మోయడం దేనికని ఆక్షేపణ. సమాధానం ఏటా నవంబరు మొదట్లో ఒక ఆదివారం లండన్ హైడ్ పార్కులో దొరుకుతుంది. 1905కు ముందు తయారైన కార్లు తెల్లవారుతుండగా అక్కడ బయల్దేరి, సుమారు 60 మైళ్ళ దూరంలోని బ్రైటన్‌కు పోతాయి. వేగ పరిమితిని గంటకు 14 మైళ్ళకు పెంచిన సంబరంలో 1896లో జరిగిన యాత్రకు ఇది స్మారకం. హైడ్ పార్కు దాకా మాత్రం ఎన్నో కార్లు ట్రైలర్ మీదే వస్తాయి. గుళ్లో పొర్లుదండాలు పెట్టేవాడు ఇంటి దగ్గర్నుంచే పొర్లుకుంటూ రాడు కదా!

ఇక తాత్పర్యం. మొదటి పాదంలోనే ప్రాణం ఉంది. బ్రిటన్ వాడుక ప్రకారం ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం లాగే బండికి ట్రైలర్ తగిలించే గుండు (టో బాల్) మీద పడాలి. మొత్తం 1,500 కిలోలైతే 75 నుంచి 105 కిలోలన్నమాట. అయితే ఆ బండికి కంపెనీ రాసిన పరిమితి దాటకూడదు. బరువు వెనక్కి పోయిందా, ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు ముదిరి ముందు బండినే తిప్పేస్తుంది. అప్పుడు స్టీరింగ్‌తో కుస్తీ పట్టకూడదు, యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీయాలి. అసలు మందు ఇంటి దగ్గరే ఉంది: ఎక్కించేటప్పుడు కారును జానెడు ముందుకో వెనక్కో జరపడం. కర్వ్‌డ్ డాష్ ఓల్డ్స్‌మొబీల్ అనే పాత కారుకు ఇంజను సీటు కింద ఉంటుంది. ఇంజను ముందున్న కారు కోసం ట్రైలర్ మీద గీసుకున్న గీత దానికి పనికిరాదు.

రెండో పాదం. ఛాసిస్‌ను కిందికి లాగి కడితే, గతుకుల్లో స్ప్రింగులు అణిగి పట్టీ వదులవుతుంది, మరుక్షణం కారును విదిలించి లాగుతుంది. టైరు మీదుగా కడితే చక్రం కదలదు, పైభాగం తన స్ప్రింగుల మీద తాను ఊగుతుంది. కొయ్య చక్రమైతే ఆకుల మధ్య నుంచి పట్టీ దూర్చరాదు. కవరు సంగతి కవి ఎత్తలేదు, మంచిపనే చేశాడు: వదులుగా కప్పిన గుడ్డ గాలికి కొట్టుకుని, కాపాడవలసిన రంగునే గీరుతుంది.

మూడో పాదం సులభం. కారు కుదురుకున్నాక పట్టీలు కాస్త సడలుతాయి, మళ్ళీ బిగించాలి. పనిలో పనిగా ట్రైలర్ చక్రాల హబ్‌ల దగ్గర చేయి పెట్టి చూడాలి. ఒక్కటే సెగలు కక్కుతుంటే బ్రేకు పట్టేసిందో, బేరింగు పోయిందో.

విశేషం: 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రిటన్‌లో బ్రేకులు తప్పనిసరి. దానికి తోడు సన్నని ఉక్కు తీగ ఒకటి ఉంటుంది. దారిలో ట్రైలర్ ఊడితే ఆ తీగ బిగిసి బ్రేకు లాగి, ఆపైన తెగిపోతుంది. ఇంత ముఖ్యమైనదాన్ని కవి ఎందుకు వదిలేశాడంటే, గణాలు చాలలేదని కొందరు, తగిలించడం మరిచాడని కొందరు.