5001వ ద్వారం: టీకా తాత్పర్య సహితం

మూలము: “రౌటరునందు 5001వ ద్వారమును తెరచి, గృహాంతర్గతమైన పెట్టె చిరునామాకు మళ్ళింపవలెను, అంతట బయటి పేరుతో ఎచ్చటనుండియైనను ప్రవేశింపవచ్చును.”

ఈ సూత్రకర్త ఎవరో లోకానికి తెలియదు. ఇంటికి నాస్ పెట్టె, అంటే నెట్‌వర్క్‌కు తగిలించే హార్డ్ డిస్కుల డబ్బా, కొనుక్కున్న ప్రతి గృహస్థుకూ కొద్ది మాటల తేడాతో ఇదే వాక్యం ఎదురవుతుంది: అట్టపెట్టెలోని మడత కాగితం మీదో, యూట్యూబ్‌లో తొందర తొందరగా మాట్లాడే కుర్రవాడి నోటనో. సందర్భం కూడా ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. తెనాలిలో అమ్మానాన్నలు, డాలస్‌లో కొడుకు. పెళ్ళి వీడియో, నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు, పొలం కాగితాల స్కానులు తెనాలిలో డిస్కుల మీద ఉన్నాయి. వాటిని చూడాలన్న కోరిక డాలస్‌లో ఉంది. క్లౌడ్‌కు నెలనెలా అద్దె కట్టడం కొడుక్కి ఇష్టం లేదు.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకొనే మల్లినాథ సూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ ఆధారం లేనిదేదీ రాయనని, అక్కర లేనిదేదీ చెప్పనని మాట ఇచ్చాడు. ఈ సూత్రానికి టీక రాసేవాడు అటువంటి మాట ఇవ్వకపోవడమే మంచిది. ఇందులో అసలు సంగతంతా మూలకారుడు రాయకుండా వదిలేసిన చోట ఉంది.

ప్రతిపదార్థము: (ఓ గృహస్థా!) రౌటరునందు = టీవీ వెనుక దుమ్ముపట్టి దీపాలు మినుకుమినుకుమను తెల్ల డబ్బాలో; 5001వ ద్వారమును = ఉన్న 65,536 పోర్టులలో సినాలజీ వారు తమ పెట్టె వెబ్ తెరకై, ఎన్‌క్రిప్షన్‌తో కూడినదానికి, కేటాయించుకొన్న పోర్టును; తెరచి = పోర్ట్ ఫార్వర్డింగ్ అను పేజీని వెతికి పట్టుకొని; గృహాంతర్గతమైన పెట్టె = బీరువా పక్కన గుయ్యిమనుచుండు నాస్ యొక్క; చిరునామాకు = 192.168తో మొదలగు అంకెలకు; మళ్ళింపవలెను = ఆ అంకెలను గళ్ళలో నింపి సేవ్ నొక్కవలెను; అంతట = పిమ్మట; బయటి పేరుతో = ఇంటి ఐపీ మారినప్పుడెల్ల దాని వెంట తిరుగు డీడీఎన్‌ఎస్ పేరుతో; ఎచ్చటనుండియైనను = డాలస్ నుండియు; ప్రవేశింపవచ్చును = లాగిన్ తెరను చూడవచ్చును.

చూడవచ్చును అన్నంత వరకే హామీ.

మూలంలో చిరునామా అన్న మాట ఒక్కసారే వచ్చినా, చిరునామాలు రెండు: లోకానికి కనిపించేది ఒకటి, ఇంట్లోపల వాడుకొనేది ఒకటి. ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్నవి 429 కోట్ల పైచిలుకు. అవి చాలవని 1990ల మొదట్లోనే తేలిపోయింది. 1994 మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో నాట్ అనే ఉపాయం చెప్పారు, కొద్దికాలం గట్టెక్కడానికని. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 వచ్చి 192.168 మొదలైన అంకెలను ఇళ్ళకూ ఆఫీసులకూ సొంత వాడకానికి వదిలేసింది. అపార్ట్‌మెంట్ పేరు వీధికంతా తెలుస్తుంది గానీ 302 నంబరు ఫ్లాటు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది, 192.168.1.5 కూడా అంతే. కొద్దికాలానికన్న ఆ ఉపాయానికి 30 ఏళ్ళు దాటాయి. దాన్ని పర్మనెంటు చేసినవారూ లేరు, తీసేసినవారూ లేరు.

నాట్ పనితీరు తెలిస్తే గానీ మూలం బరువు తెలియదు. లోపలి పరికరం ఏదైనా బయటికి అడిగితే రౌటర్ ఆ సంగతి గుర్తుపెట్టుకొని, వచ్చిన జవాబును దాని దగ్గరికే చేరుస్తుంది. పిలవని పేరంటంగా బయటి నుంచి వచ్చినదాన్ని ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. రౌటర్‌కు ఈ తెలియకపోవడమే ఇన్నేళ్ళుగా ఇళ్ళను చాలావరకు కాపాడుతూ వచ్చింది. “మళ్ళింపవలెను” అన్న మాట ఆ అజ్ఞానాన్ని పోగొడుతుంది.

ఇక అన్వయం. “ప్రవేశింపవచ్చును” అన్న క్రియకు కర్త ఎవరు? వాక్యంలో లేడు. ఇటువంటి చోట వ్యాఖ్యాతలు అధ్యాహారం చేస్తారు, అంటే లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చి పెట్టుకొంటారు. గృహస్థుడు “నేను” అని పెట్టుకున్నాడు. బయట ఇంకొందరు “మేము” అని పెట్టుకున్నారు. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది, రౌటరూ ఒప్పుకుంటుంది. లక్షణం ఉద్దేశించినదానికే గాక మిగతావాటికీ పట్టడాన్ని తార్కికులు అతివ్యాప్తి దోషమన్నారు. అతివ్యాప్తికి ఇంతకంటే మంచి ఉదాహరణ తర్కగ్రంథాల్లో వెతికినా దొరకదు.

శంక: తెనాలి సందులో ఉన్న ఇంటి తలుపు లోకంలో ఎవరికి తెలుస్తుంది? సమాధానం: 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు జీమ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. గిగాబిట్ కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్‌తో, ఐపీవీ4 చిరునామాలన్నిటి మీదా ఒక పోర్టును 45 నిమిషాల లోపే తట్టి చూడవచ్చని నిరూపించారు. అంతకుముందే, 2009 నుంచీ, షోడాన్ అనే వెతుకుడు యంత్రం ఏ చిరునామాలో ఏ పరికరం తలుపు తెరుచుకుని కూర్చుందో జాబితా కడుతోంది. “మేం 5001 బదులు 58231 పెట్టుకున్నాం” అనే పండితులు ఉన్నారు. అది చింత్యం. 65,536 తలుపులూ వరసగా తట్టడానికి యంత్రానికి విసుగు లేదు.

రెండో పూర్వపక్షం ఇంకాస్త బలమైనది: తలుపు తెలిస్తే తెలిసింది, పాస్‌వర్డ్ గట్టిది గదా! దీనికి 2021 ఏప్రిల్ జవాబు చెప్పింది. క్యూనాప్ అనే మరో కంపెనీ నాస్ పెట్టెల్లో బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం పట్టుకొని క్యూలాకర్ ముఠా లోపలికి వెళ్ళింది. గృహస్థుడి పాస్‌వర్డ్‌తో పని పడలేదు. వైరస్‌లా కనిపించేదేదీ వాడలేదు. ఫైళ్ళన్నిటినీ అందరికీ తెలిసిన 7-జిప్‌తో మూటగట్టి, మూటకు తమ పాస్‌వర్డ్ పెట్టి, 0.01 బిట్‌కాయిన్ అడిగింది. జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెల వంతు. వాటికి చివరి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది 2015లో. ఎవరో దూరం నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. సొంతదార్లు నిద్రలేచి చూసేసరికి ఏళ్ళనాటి ఫోటోలు లేవు, కొత్త పెట్టెలా స్వాగతం పలికే తెర ఉంది. ఈసారి డబ్బు అడిగినవాడు కూడా లేడు.

2022 జనవరిలో క్యూనాప్ సంస్థే తన వాడకందార్లకు ప్రకటన ఇచ్చింది: పెట్టె ఇంటర్నెట్‌కు నేరుగా కనిపిస్తుంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి, గృహస్థుడికి చెప్పకుండానే పెట్టె తన తలుపు తాను తీయించుకొనే యూపీఎన్‌పీని కూడా ఆపేయండి అని. అదే నెలాఖరులో డెడ్‌బోల్ట్ అనే మరో ముఠా వచ్చి 0.03 బిట్‌కాయిన్ అడగడం మొదలుపెట్టింది. తయారీదారే మూలాన్ని ఖండించిన సందర్భం ఇది. శాస్త్రాల్లో ఇలా జరగడం అరుదు.

అతివ్యాప్తి ఇలా ఉండగా, మన దగ్గర చాలా ఇళ్ళలో సూత్రానికి అసంభవ దోషం కూడా, అంటే ఉద్దేశించినదానికి అసలే పట్టకపోవడం, పట్టింది. 2011 ఫిబ్రవరి 3న ఐపీవీ4 చిరునామాల కేంద్ర నిల్వ నిండుకుంది. ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క పబ్లిక్ ఐపీని అనేక ఇళ్ళకు పంచడం ఎక్కువైంది. ఇంటి నాట్ మీద కంపెనీ నాట్ అన్నమాట. దానికోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలను పక్కన పెట్టారు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే బయటి వైపు చిరునామా, ఆ అంకెలతో మొదలైతే, గృహస్థుడు తన తలుపు ఎంత తెరిచినా లాభం లేదు. గేటు కంపెనీ చేతిలో ఉంది. ఫైబర్ వేయడానికి వచ్చిన అబ్బాయిని అడిగితే “స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్, దానికి వేరే చార్జీ” అంటాడు. అబ్బాయి చెప్పింది శాస్త్రసమ్మతమే.

మూడోది అవ్యాప్తి, అంటే పట్టాల్సినవాటిలో కొన్నిటికి పట్టకపోవడం. అంతా సరిగ్గా చేసి, ఇంట్లో వైఫై మీదే ఉండి బయటి పేరు కొడితే కొన్ని రౌటర్లలో తెర రాదు. తప్పు జరిగిందేమోనని మొదటికొచ్చేవారు ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడాలి.

పాఠాంతరాలు మూడు దొరుకుతున్నాయి. “ద్వారమును తెరచి” అన్నచోట “మధ్యవర్తిని పెట్టుకొని” అన్నది ఒక పాఠం. సినాలజీ వారి క్విక్‌కనెక్ట్ ఈ తోవది. పెట్టే బయటికి వెళ్ళి సినాలజీ సర్వర్‌తో మాట కలుపుతుంది కాబట్టి ఇంటర్నెట్ కంపెనీ నాట్ కూడా అడ్డు రాదు. నేరుగా దారి కుదరనప్పుడు సరుకంతా మధ్యవర్తి మీదుగా నడుస్తుంది, నెమ్మదిగా. ఐపీవీ6 రెండో పాఠం. ఆ వాడకంలో భారతదేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది, అందులో జియో పాలు పెద్దది. పెట్టెకే సొంత పబ్లిక్ చిరునామా వస్తుంది, నాట్ గొడవ లేదు. కానీ రౌటర్ ఫైర్‌వాల్‌లో మళ్ళీ తలుపు తీయాల్సిందే, కర్త మళ్ళీ మాయమవుతాడు.

గ్రాహ్యమైన పాఠం మూడోది: వీపీఎన్, అంటే తాళం ఉన్నవారికే ఇంటి నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే సొరంగం. అటువంటిదే జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్; అది 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6లో చేరింది. దాని గుణమేమిటంటే, సరైన తాళంతో రానివాడికి అసలు జవాబే ఇవ్వదు. జీమ్యాప్ తట్టినా, షోడాన్ తట్టినా, అక్కడ తలుపు ఉన్నట్టే తెలియదు. ఇక్కడ కర్త అధ్యాహారం అక్కర్లేదు. కొడుకు ఫోన్‌లో ఉన్న తాళమే కర్త. కంపెనీ నాట్ వెనుక ఉన్నవారికి వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ వంటివి పనికొస్తాయి. కొడుకు అత్తగారు అమెరికాలో ఉంటే ఆవిడ ఫోన్‌లో కూడా ఆ యాప్ పెట్టి నేర్పాలి గదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఆవిడకు మాత్రం క్విక్‌కనెక్ట్ చాలు.

“బయటి పేరుతో” అన్నదానికి చిన్న విశేషం. పేరుకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచిత సర్టిఫికెట్ తీసుకోవచ్చు. గడువు తీరకముందే పెట్టే దాన్ని కొత్తది చేసుకుంటుంది. అయితే ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ ఎవరైనా చదవగల చిట్టాల్లోకి ఎక్కుతుంది. ఇంటిపేరు, ఊరిపేరు కలిపి ముద్దుగా పెట్టుకున్న పేరు మొదటిరోజే బహిరంగమవుతుంది.

“ఎచ్చటనుండియైనను” అన్నదానికి వేగం తెనాలిదే. డాలస్‌లో ఎంత గొప్ప కనెక్షన్ ఉన్నా, వీడియో వచ్చేది ఇంటి అప్‌లోడ్ వేగంతో. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే ఒక జీబీ ఫైలు ఉజ్జాయింపుగా నిమిషంన్నరలో వెళ్తుంది. 1 ఎంబీపీఎస్ మాత్రమే ఇచ్చే పాత టెలిఫోన్ తీగ మీద అదే ఫైలుకు రెండు గంటలు దాటుతుంది.

వేసవిలో డాలస్‌లో రాత్రి తొమ్మిదయితే తెనాలిలో మర్నాటి ఉదయం ఏడున్నర. ఆ వేళ ఫోన్ మోగుతుంది.

“నాన్నా, పెట్టె మీద నీలం లైటు వెలుగుతోందా?”

“ఏ పెట్టెరా? ఇన్వర్టర్ మీదైతే ఎర్రది వెలుగుతోంది. తెల్లవార్లూ కరెంటు లేదు.”

కరెంటు వచ్చాక పెట్టె తనంతట తాను లేవాలంటే దాని సెట్టింగుల్లో పవర్ కింద ఒక టిక్కు పెట్టి ఉండాలి. అంతటితో కాదు. రౌటర్ కూడా అప్పుడే లేస్తుంది, లేచి ఇంట్లో పరికరాలకు అంకెలు మళ్ళీ పంచవచ్చు. 192.168.1.5 నాస్‌కే దక్కాలంటే రౌటర్‌లో దాని పేరిట ముందే రిజర్వ్ చేయాలి. చేయని ఇంట్లో ఆ అంకె స్మార్ట్ టీవీకి పోతుంది. కొడుకు డాలస్‌లో కూర్చుని 5001వ తలుపు ఎంత తట్టినా, ఆ తలుపు మాట టీవీ ఎన్నడూ విని ఉండదు.