జెండా పాట కలెక్షన్లు

తెలుగువాళ్ళు తీసే యాక్షన్ థ్రిల్లర్లు రెండు రకాలు. ఒకటి తెర మీద ఆడేది. రెండోది, విడుదలైన మర్నాడు పోస్టరు మీద ఆడేది. మొదటిదాంట్లో హీరో ఒంటిచేత్తో యాభైమందిని గాల్లోకి లేపితే ఇదెక్కడి చోద్యమని విసుక్కుంటాం. రెండోదాంట్లో నిర్మాత ఒంటిచేత్తో వంద కోట్లు గాల్లోంచి దింపితే మాత్రం నిజమే కాబోలు అనుకుంటాం. ఖర్చు కూడా రెండోదానికే తక్కువ. వెనకాల మంటలు, ముందు హీరో మొహం, మధ్యలో బంగారు రంగు అంకె. సినిమా సిద్ధమైనట్టే.

ఈ రెండో రకంలో ఇటీవలి కళాఖండం 2025 జనవరిలో వచ్చింది. ఆ నెల 10న ‘గేమ్ ఛేంజర్’ విడుదలైంది. శంకర్ దర్శకుడు, రామ్‌చరణ్ కథానాయకుడు, దిల్ రాజు నిర్మాత. మొదటిరోజు ప్రపంచవ్యాప్త గ్రాస్ 186 కోట్లని నిర్మాణసంస్థే పోస్టరు వేసింది. ట్రేడు లెక్కలు కట్టేవాళ్ళ అంచనాలు అందులో సగానికి కూడా రాలేదు. హాల్లో నవ్వని జనం కూడా పోస్టరు చూసి నవ్వారు. అదే నెల 21న ఆదాయపు పన్ను అధికారులు ఆ నిర్మాత ఇంటికీ, మరికొందరు నిర్మాతల ఇళ్ళకూ సోదాలకు వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో వాళ్ళకే తెలియాలి. “పోస్టరు చదివి వచ్చుంటారు” అన్న జోకు మాత్రం టీ కొట్టు దగ్గర ఉచితంగా దొరికింది.

పోస్టరు మీద ఎప్పుడూ గ్రాసే ఎందుకుంటుందో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. కౌంటర్లో పడ్డ మొత్తం డబ్బు గ్రాస్. వంద దాటిన టికెట్టుకు అసలు ధర మీద నూటికి 18 చొప్పున వేసిన జీఎస్టీ అందులోంచి పోతుంది. మిగిలింది నెట్. అందులోంచి థియేటరు అద్దె తీసేస్తే చేతికొచ్చేది షేరు. ఫ్యాన్సీ రేటుకు ఏరియా కొన్న డిస్ట్రిబ్యూటరు బతికాడా పోయాడా తేల్చేది ఈ షేరు ఒక్కటే. అందుకే ఈమధ్య పోస్టర్ల మీద అది కనబడదు. గ్రాస్ లావుగా ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది. షేరు బక్కచిక్కి ఉంటుంది, దాన్ని లోపల గదిలోనే కూర్చోబెడతారు. మరీ బయటికి తేవాల్సివస్తే పక్కన బ్రాకెట్లో “హైర్లు కలిపి” అని రాస్తారు. అంటే థియేటరువాడికి కట్టిన అద్దె కూడా సినిమా సంపాదించినట్టే లెక్క! ఈ పద్ధతిన అద్దింట్లో ఉండే ప్రతివాడూ నెలనెలా ఇంటి అద్దె సంపాదిస్తున్నట్టే.

మా ఖమ్మం జిల్లా రైతుకు ఈ విద్య కొత్త కాదు. ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున్నే జెండా పాట పాడతారు. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాటుకు పలికిన ధర అది. పేపర్లో అచ్చయ్యేదీ అదే. జిల్లాలోని కల్లూరు నుంచి బస్తాలు వేసుకెళ్ళిన రైతుకు మాత్రం తేమ ఉందని, తాలు ఉందని, రంగు తగ్గిందని కోసీ కోసీ చేతిలో పెట్టే ధర వేరే. జెండా పాట అబద్ధం కాదు, ఎవరో ఒకరికి దక్కింది. కానీ దాన్ని చూసి ఊళ్ళో రైతులంతా బాగుపడ్డారనుకునేవాడు వట్టి అమాయకుడు. పోస్టరు మీది కోట్లు సినిమావాళ్ళ జెండా పాట. తేడా ఒకటుంది. యార్డులో ఆ పాట పదిమంది ఎదుట పాడాలి. ఇక్కడ ఫొటోషాప్ ముందు ఒక్కడు కూర్చుంటే చాలు.

ఇంతకీ ఈ కోట్లలో కల్లూరు వాటా ఏమిటి? ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఈ ఊరిని సినిమా వ్యాపారం నైజాం అంటుంది. ఆ సంస్థానం 1948లో భారతదేశంలో కలిసిపోయిందని చిన్నపిల్లలు కూడా చదువుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ల కాగితాల్లో మాత్రం నిజాం ఇంకా ఏలుతూనే ఉన్నాడు, రాయలసీమ ఇంకా సీడెడ్‌గానే ఉంది. కల్లూరు కుర్రాడు వి.ఎం.బంజర మీదుగా తిరువూరు పోయి సినిమా చూశాడా, వాడు ‘కృష్ణా’ ఖాతాలో పడతాడు. వాడి అన్న డల్లాస్‌లో చూస్తే ‘ఓవర్సీస్’. ఒకే తల్లి బిడ్డలు రెండు ఏరియాలు. ఇద్దరి జేబులూ ఖాళీ అయినా పోస్టరు మీద మాత్రం అందరూ కలిసి ఒకే అంకెగా వెలిగిపోతారు. ఉమ్మడి కుటుంబం ఇంకా బతికుంది పోస్టరు మీదే.

ఇక టికెట్టు ధర. అసలు ఉత్కంఠంతా ఇందులో ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్లకు తెలంగాణ ప్రభుత్వం ఉన్న ధర మీద ఇంకో 800 రూపాయలు పెంచుకోనిచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు. డిసెంబరు 21న ముఖ్యమంత్రి అసెంబ్లీలో లేచి, తాను కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలూ ఉండవు, ధరల పెంపూ ఉండదన్నారు. జనం హమ్మయ్య అనుకున్నారు. మూడు వారాలు తిరక్కుండానే, జనవరి 8న ‘గేమ్ ఛేంజర్’కు తెల్లవారుజామున నాలుగింటి ఆటకూ అనుమతి వచ్చింది, ధర పెంచుకోడానికీ వచ్చింది. హైకోర్టు ఇదేమిటని అడిగింది. సర్కారు అనుమతి వెనక్కి తీసుకుంది. అదే ఏడు సెప్టెంబరులో ‘ఓజీ’కి మళ్ళీ ఎనిమిది వందల టికెట్టు అనుమతి. సెప్టెంబరు 24న, సరిగ్గా ప్రీమియర్ రోజే, హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని నిలిపేశారు. మాట ఇవ్వడం, మాట తప్పడం, ఇంటర్వెల్‌కు ముందు కోర్టు రావడం! ఇంత బిగువైన స్క్రీన్‌ప్లే ఆ సినిమాల్లో కూడా లేదు.

స్క్రీన్‌ప్లే అంటే గుర్తొచ్చింది. మన పరిశ్రమకు కథ కన్నా క్యాలెండరు మీద గురి ఎక్కువ. ఏప్రిల్ 28 అంటే మహా ముహూర్తం. 1977లో ‘అడవి రాముడు’, 2006లో ‘పోకిరి’, 2017లో ‘బాహుబలి 2’ ఆ తేదీనే వచ్చాయి, రికార్డులు తిరగరాశాయి. 2023లో అఖిల్ హీరోగా, మమ్ముట్టి తోడుగా, సురేందర్ రెడ్డి దర్శకత్వంలో ‘ఏజెంట్’ అనే గూఢచారి యాక్షన్ థ్రిల్లరు కూడా అదే ఏప్రిల్ 28న దిగింది. తేదీ చేయాల్సిన పని తేదీ చేసింది. స్క్రిప్టు చేయాల్సిన పని మాత్రం మిగిలిపోయింది. వారం తిరక్కముందే నిర్మాత అనిల్ సుంకర బయటికొచ్చి, పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలుపెట్టడం తమ తప్పేనని ఒప్పుకున్నారు. తెలుగు సినిమా చరిత్రలో పోస్టరు లేకుండా వచ్చిన అరుదైన నిజం ఇది, ఆయనకు దండం పెట్టాలి.

ఆ సినిమా అసలు సాహసం థియేటరు దాటాకే మొదలైంది. ఓటీటీకి ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అన్నారు. నష్టపోయిన డిస్ట్రిబ్యూటరు కోర్టుకెక్కాడు, స్ట్రీమింగ్ ఆగిపోయింది. చివరికి 2025 మార్చి 14న సోనీ లివ్‌లో తేలింది. దాదాపు రెండేళ్ళు! గూఢచారి సినిమా కాబట్టి అజ్ఞాతవాసం పాత్రకు తగినదే అనుకోవచ్చు. థియేటరులో చూడనివాళ్ళు ఇంట్లో చూద్దామని కాచుకుని, కాచుకుని, దేనికోసం కాచుకున్నారో మరిచిపోయారు.

ఆడని ఆ సినిమాకు రెండేళ్ళ చెర, మిగతావాటికి నాలుగు వారాల సెలవు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు బందు పెట్టి మరీ కూర్చుని, పెద్ద సినిమా ఎనిమిది వారాల దాకా ఓటీటీకి పోరాదని తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం ఎలా అమలైందో చూడండి. ‘సలార్’ 2023 డిసెంబరు 22న థియేటర్‌కు వస్తే జనవరి 20న నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ‘గేమ్ ఛేంజర్’ జనవరి 10న వచ్చి ఫిబ్రవరి 7న ప్రైమ్‌లో వాలింది. లెక్కకు 28 రోజులు. ‘పుష్ప 2’ ఒక్కటి 56 రోజులు నిలబడింది. మాట మీద నిలబడ్డందుకు కాదు, జనం ఇంకా వస్తున్నారు కాబట్టి. కల్లూరు మేస్త్రి ఇంట్లో నలుగురుంటే, పెంచిన ధరకు నాలుగు టికెట్లు కొని, దారి ఖర్చు పెట్టుకుని, పిల్లలకు పాప్‌కార్న్ కొనేసరికి ఒకరోజు కూలి హారతి కర్పూరం. నెల ఆగితే అదే బొమ్మ ఫోన్లో. ఆయన ఆగుతాడు. దాన్ని పట్టుకుని “జనం థియేటర్లకు రావడం మానేశారు” అని వేదికలెక్కి కన్నీళ్ళు పెట్టుకునేది ఎవరయ్యా అంటే, ధర పెంచమని సచివాలయం మెట్లెక్కినవాళ్ళే.

నెల కూడా ఆగలేనివాడు దొంగ బొమ్మ చూస్తాడు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకున్నప్పుడు పరిశ్రమ పండగ చేసుకుంది. సోషల్ మీడియాలో మాత్రం చాలామంది అతని తరఫున జాలిపడ్డారు. దొంగతనం దొంగతనమే, దానికి కొమ్ము కాయనక్కర్లేదు. కానీ దొంగ మీద జనానికి జాలి కలిగిందంటే దొర మీద ఎంత కోపం ఉందో దొరలు ఒక్కసారైనా లెక్క వేసుకోవాలి. ఆ లెక్కకూ పోస్టరు వేస్తే బాగుంటుంది.

యాక్షన్ సినిమాకు నిజమైన తీర్పు ఎప్పుడూ ఇంట్లోనే వచ్చింది. ఒకప్పుడు అద్దెకు తెచ్చిన వీసీఆర్, రాత్రి బస్సులో వీడియో కోచ్, తర్వాత కేబుల్ టీవీ. మోజర్ బేర్ కంపెనీ వచ్చి వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34కు అమ్మినప్పుడు సినిమా కిరాణా కొట్టులో సబ్బు పక్కన కూర్చుంది. ఈ దారిలోనే 2005 నాటి ‘అతడు’ నడిచింది. థియేటర్లలో రికార్డులేం బద్దలుకొట్టలేదు. మరుసటి ఏడు వచ్చిన ‘పోకిరి’ రెండొందల కేంద్రాల్లో వంద రోజులని చాటుకుంటే ‘అతడు’ మౌనంగా టీవీలోకి పోయింది. అక్కడ ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టేవాళ్ళు వెయ్యి దాటాక అలిసిపోయారు. 2014 సంక్రాంతికి బోల్తాపడిన ‘1: నేనొక్కడినే’ని ఇవాళ ఇంట్లో చూసి, అప్పుడెందుకు ఆడలేదో అని తలగోక్కునేవాళ్ళున్నారు. 2010లో చతికిలపడ్డ ‘ఖలేజా’ని 2025 మేలో మళ్ళీ విడుదల చేస్తే, డైలాగులన్నీ కంఠతా వచ్చినవాళ్ళే టికెట్లు కొనుక్కుని హాళ్ళు నింపారు. ‘ఆర్ఆర్ఆర్’ని అమెరికా వాడు తలకెత్తుకున్నది కూడా చాలావరకు ఇంట్లో నెట్‌ఫ్లిక్స్‌లో చూశాకే. సోఫాలో కూర్చున్నవాడికి ఫ్యాన్స్ అసోసియేషన్ లేదు, మొదటిరోజు లేదు, నాన్-బాహుబలి రికార్డు లేదు. నచ్చకపోతే రిమోట్ నొక్కుతాడు, నచ్చితే కదలడు.

ఈ కోట్ల భాగవతం అంతటికీ మందు చాలా చవక. దక్షిణ కొరియాలో సినిమా ఎంత ఆడిందో చెప్పాలంటే ఎంతమంది చూశారో చెబుతారు. థియేటర్లలో తెగిన టికెట్లు ప్రభుత్వ ఫిల్మ్ కౌన్సిల్ కంప్యూటరులోకి చేరతాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఫ్రాన్సులోనూ గొప్ప చెప్పుకునేది ప్రేక్షకుల సంఖ్యతోనే. ధర రెట్టింపు చేస్తే డబ్బు రెట్టింపవుతుంది, మనుషులు రెట్టింపు కారు. మనవాళ్ళు మనుషుల్ని లెక్కపెట్టకుండా రూపాయల్నే లెక్కపెట్టేది ఇందుకే. థియేటరులో ప్రతి ఆటకూ డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ళ లెక్క, రాస్తూనే ఉన్నారు. ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో అందులో ఉంటుంది. బయటపెట్టడమే తరువాయి.

2024 డిసెంబరులో తెలంగాణ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చైర్మన్ కుర్చీ ఎక్కింది మరెవరో కాదు, 186 కోట్ల పోస్టరు వేసిన నిర్మాతే. కాబట్టి విన్నపం కూడా ఆయనకే. రాజుగారూ, రేపటి నుంచి ప్రతి సినిమాకూ ఏ ఊళ్ళో ఎన్ని టికెట్లు తెగాయో మీ కార్పొరేషనే రోజూ ప్రకటించేలా చూడండి. మొదలు మీ సినిమాతోనే పెట్టండి. ధర పెంచమని జీవో అడిగేవాడు ముందు ఆ లెక్క ఇచ్చి తీరాలని రూలు పెట్టండి. అది చేతకాదంటే కోట్ల పోస్టర్లు మానేయండి. రెండూ చేయనంటే మాత్రం, కల్లూరువాళ్ళు నెల ఆగి ఫోన్లో చూసుకుంటారు. మీ కలెక్షన్లు మీరే చూసుకోండి.