నేను ఆరు గ్యాలన్ల గీజర్‌ని

డాలస్ దగ్గర ఒక ఇంటి గ్యారేజీలో, సైకిళ్ళ పక్కన, గోడవారగా ఉన్నాను. ఒంటికి తొడిగిన థర్మోకోల్ అంచులు విరిగాయి. అడుగున తుప్పు. ఆరు గ్యాలన్లు, అంటే సుమారు 23 లీటర్ల నీళ్ళు పట్టే పొట్ట నాది. 2016లో ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌లో ఒక చిన్న క్యాంపర్ గోడలో నన్ను బిగించారు. అమెరికాలో ఈ చక్రాల ఇళ్ళు ఎక్కువగా తయారయ్యేది ఆ ఊరి చుట్టుపక్కలే. మూడేళ్ళ తర్వాత ఆ క్యాంపర్‌ని ఒక తెలుగు కుటుంబం కొనుక్కుంది. ఇక్కడి వాళ్ళు నన్ను వాటర్ హీటర్ అంటారు. వీళ్ళ ఇంట్లో మాత్రం మొదటి రోజు నుంచీ నేను గీజర్‌నే.

నన్ను చూసిన వెంటనే గుర్తుపట్టిన మనిషి ఆ ఇంటి పిల్లల నాయనమ్మ. 2023 నవంబరులో తెనాలి నుంచి వచ్చింది. ఇంటాయన బయటి తలుపు తీసి నన్ను చూపించాడు. నా పొట్టలోంచి పోయే గొట్టం, గొట్టంలో మంట, చుట్టూ నీళ్ళు. ఆవిడ వంగి చూసి, "ఇది మన రాగి బాయిలరేరా! మధ్య గొట్టంలో బొగ్గులు వేసేవాళ్ళం, ఇక్కడ గ్యాసు, అంతేగా" అంది. ఎంతోమంది మెకానిక్కులు నన్ను విప్పారు, బిగించారు. నా చుట్టరికం చెప్పింది ఆవిడ ఒక్కతే.

నా మంట బలం గంటకి 12,000 బీటీయూలు. చల్లనీళ్ళు స్నానానికి వేడెక్కాలంటే అరగంట పట్టేది. కరెంటు ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగితే నాలోని 1,440 వాట్ల కడ్డీ పనిచేసేది. అప్పుడు గంట పట్టినా ప్రొపేన్ ఖర్చయ్యేది కాదు. కాగిన నీళ్ళలో చన్నీళ్ళు కలుపుకుంటే ఒక మనిషికి సుఖంగా, ఇంకో మనిషికి హడావిడిగా సరిపోయేవి. మూడో మనిషి ఆగాల్సిందే.

ఆ నవంబరులోనే, థాంక్స్ గివింగ్ సెలవులకి ఫ్రియో నది ఒడ్డున గార్నర్ స్టేట్ పార్కుకి వెళ్ళాం. ఆదివారం పొద్దున్నే నాయనమ్మ తలకి నూనె పెట్టుకుంది. తెనాలి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు రాత్రే నానబెట్టి రసం తీసింది. అప్పటికే పిల్లలిద్దరూ స్నానాలు కానిచ్చారు. ఆవిడ రసం తలకి పట్టించి, కళ్ళు మూసుకుని కుళాయి తిప్పే వేళకి నాలో మిగిలినవి గోరువెచ్చటి నీళ్ళు. రెండో నిమిషానికి అవీ చల్లబడ్డాయి. కోడలు తలుపవతల నుంచి, "అత్తయ్యా, ఒక్క పది నిమిషాలు ఆగండి, కాగుతాయి" అంటోంది. నురగ తలతో, చలిలో వణుకుతూ ఆవిడ ఆగింది. నా మంట శక్తికొద్దీ మండుతూనే ఉంది. పెద్దావిడకి తలంటు నీళ్ళివ్వలేకపోయిన ఆ పొద్దు నా బతుకులో నాకు బాగా బాధ కలిగించింది.

మారుద్దామనే మాట అక్కడే మొదలైంది. నన్ను నిజంగా చంపింది మాత్రం వేరు. నాది లోపల పింగాణీ పూత వేసిన ఉక్కు పొట్ట. దాన్ని కాపాడటానికి లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. నీళ్ళు ముందు దాన్ని తింటాయి, అది ఉన్నంతకాలం ఉక్కు జోలికి రావు. ఏటా విప్పి చూసి, బాగా అరిగితే మార్చాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టిపోయినప్పుడు, తుపాను వచ్చే ముందురోజే ఇంటాయన ఆ కడ్డీ విప్పి నా నీళ్ళన్నీ వదిలేశాడు. ఆ వారం టెక్సస్‌లో ఎన్నో ఇళ్ళల్లో పైపులు పగిలాయి, ఖాళీ పొట్టతో నేను బతికాను. ఆ ప్రేమ నాకు గుర్తుంది. కానీ సగానికి పైగా అరిగిన అదే కడ్డీని మళ్ళీ బిగించి, వచ్చే ఏడు మారుద్దామన్నాడు. ఆ వచ్చే ఏడు రాలేదు. 2024 వసంతంలో నా అడుగున చెమ్మ కనబడింది.

ఒక శనివారం పొద్దున గ్యాసు కట్టేసి, తీగలు విప్పి, నన్ను బయటికి లాగాడు. నేనున్న కంతలోనే, చుట్టూ కొత్త పలక వేసి, ట్యాంకు లేని హీటరు కూర్చోబెట్టాడు. గ్యాసు పైపు అతుకులకి సబ్బునీళ్ళు రాసి, బుడగలు రావడం లేదని రెండుసార్లు చూసుకున్నాడు. నా కరెంటు కడ్డీకి వచ్చే తీగకి టోపీ పెట్టి మూసేశాడు. కొత్తదానికి బ్యాటరీ కరెంటూ, ప్రొపేనూ చాలు. కుళాయి తిప్పగానే నీటి పారుదల కనిపెట్టి తనే వెలుగుతుంది. దాని మంట 42,000 బీటీయూలు.

అందరూ దాన్ని కొత్త రకం అన్నారు. వంశం చూస్తే అదే పెద్దది. పారే నీళ్ళని గ్యాసు మంటతో అప్పటికప్పుడు కాచే యంత్రాన్ని 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ చేశాడు. ఐస్‌లాండ్ వేడినీటి బుగ్గ పేరు మీద దానికి గీజర్ అని పేరు పెట్టాడు. ఎడ్విన్ రూడ్ తనంతట తాను పనిచేసే ట్యాంకు హీటరు చేసింది 1889లో. మాన్ యంత్రానికి పొగ బయటికి పోయే దారి లేదు, అది ప్రాణాంతకం. మన ఊళ్ళల్లో కిటికీ లేని బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు బిగించినవాళ్ళు ఈ మాట వినాలి. క్యాంపర్‌లో మా పొగ గోడ బయటికే పోతుంది.

మే నెలలో గ్రాండ్ కేన్యన్ వెళ్ళొచ్చాక వాళ్ళు గ్యారేజీలో చెప్పుకున్నదే నేను విన్నాను. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో క్యాంపర్‌కి కరెంటూ, నీటి కనెక్షనూ ఉండవు. మళ్ళీ నింపుకునేదాకా ట్యాంకులోని 40 గ్యాలన్లే దిక్కు. మొదటి సాయంత్రం పెద్దమ్మాయి పన్నెండు నిమిషాలు షవర్ కింద నిలబడింది. వేడి ఒక్క క్షణం తగ్గలేదు. 24 గ్యాలన్లు పోయాయి. గిన్నెలు కడిగే వేళకి 30 గ్యాలన్ల మురుగునీటి ట్యాంకు నిండి, నీళ్ళు స్నానాల గదిలోకి ఎగదన్నాయి. నేనున్నప్పుడు ఇలా ఎన్నడూ జరగలేదు. నా ఆరు గ్యాలన్లు అయిపోగానే చల్లనీళ్ళకి భయపడి ఎవరికి వాళ్ళే కుళాయి కట్టేసేవాళ్ళు. నాలో లోటనుకున్నదే వాళ్ళ నీళ్ళకి కాపలా కాసింది.

సబ్బు రాసుకునేటప్పుడు షవర్ ఆపి చూశారు. మళ్ళీ తిప్పినప్పుడల్లా మధ్యలో ఒక వరస చన్నీళ్ళు వచ్చి ఒళ్ళు జల్లుమనేది. దారి చెప్పింది నాయనమ్మే. "షవరెందుకురా? బకెట్‌లో పట్టుకుని చెంబుతో పోసుకోండి" అంది. ముందుగా వచ్చే చన్నీళ్ళు గిన్నెలకి పక్కన పెట్టి, తర్వాత కుళాయి పూర్తిగా తిప్పి బకెట్ నింపారు. తలా నాలుగు గ్యాలన్లు, ఐదుగురికి ఇరవై. తిరిగొచ్చేముందు అక్కడే నాయనమ్మ తలంటు పోసుకుందట, ఆఖరి చెంబు దాకా వేడి నీళ్ళతో. ఆ మాట విన్నప్పుడు ఆ కంతలో నా బదులు అది ఉండటం న్యాయమే అనిపించింది.

నాయనా, ఒక్క మాట. దాని గొట్టాలు సన్నం. లోపల మిగిలిన నీళ్ళు గడ్డకడితే చీలిపోతాయి. సున్నం పేరుకుంటే మూసుకుపోతాయి. ఏడాదికోసారి సున్నం కడుగు. చలి ముదరకముందే లోపలి నీళ్ళన్నీ గాలితో ఊదెయ్యి. నా కడ్డీ విషయంలో అన్నట్టు, వచ్చే ఏడు చూద్దామనకు.