పాత క్యాంపర్‌లో వెనక బెల్టులు: వినకూడని సలహాలు

పాత వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ కొన్నారని తెలిస్తే చాలు, సలహాలు గుమ్మం దాకా నడిచి వస్తాయి. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళు కూడా కొందరు ఈ బండ్ల మీద మనసు పడుతున్నారు. పిల్లలున్న ఇల్లైతే వెనక సీటుకు బెల్టులెలా అన్న ప్రశ్న మొదటి వారంలోనే వస్తుంది. ఇంజను గురించి తప్పుడు సలహా వింటే బండి దారిలో ఆగిపోతుంది, తప్పు తెలిసిపోతుంది. బెల్టు విషయంలో తప్పుడు సలహా వింటే ఏళ్ళ తరబడి ఏమీ కాదు. తెలిసేది ఒక్క గుద్దు తగిలినప్పుడే. అందుకే నా చెవిన మళ్ళీ మళ్ళీ పడ్డ సలహాలను, వాటిని ఎందుకు వినకూడదో ఇక్కడ రాస్తున్నాను.

"చట్టం అడగడం లేదు కదా, వదిలెయ్యి." మొదటి సగం నిజమే. జనం టీ2 అని పిలుచుకునే మోడల్ జర్మనీలో 1967 నుంచి 1979 దాకా తయారైంది. బ్రిటన్‌లో కొత్త కార్లకు వెనక బెల్టులు తప్పనిసరి అయింది 1987లో. వెనక కూర్చున్న పెద్దవాళ్ళు వాటిని పెట్టుకుని తీరాలన్న నిబంధన 1991లో వచ్చింది. పుట్టుకతో బెల్టుల్లేని బండికి ఇప్పుడు బిగించమని ఎవరూ బలవంతపెట్టరు. కానీ అదే చట్టం, అలాంటి బండిలో మూడేళ్ళ లోపు పిల్లల్ని అసలు ఎక్కించకూడదని కూడా చెబుతుంది. ఈ సలహా ఇచ్చేవాళ్ళు ఆ సగం చెప్పరు. ఇంకో సంగతి. 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేని బండ్లకు 2018 మే నుంచి ఏటా జరిగే ఎమ్ఓటీ తనిఖీ మినహాయించారు. అంటే మీరు బిగించిన బోల్టును టార్చిలైటు వేసి చూసేవాడు మీరు తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు. ఆ మినహాయింపు ఉన్నా నేనైతే డబ్బిచ్చి మరీ తనిఖీ చేయించుకోమంటాను.

"ఈ బండి ఎంత వేగం పోతుందని? నెమ్మదిగానే కదా నడిపేది." గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి దేన్నో గుద్దుకుని అరమీటరు పైచిలుకు దూరంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో 20 కిలోల పిల్లవాడు 300 కిలోల పైన బరువుతో ముందుకు వస్తాడు. అమ్మ చేతులు ఆపలేవు. పైగా ఎదురొచ్చే లారీ వేగం మన చేతిలో లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే సలహా, నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇది: "వెనక మంచం పెట్టె గట్టిగానే ఉందిగా, బెల్టులు దానికే బిగించు." ఈ బండ్లలో వెనక సీటు అంటే నిజానికి పెట్టె. పగలు సీటు, రాత్రి లాగితే మంచం, మూత కింద దుప్పట్లు. జర్మనీలోని వీడెన్‌బ్రుక్‌లో వెస్ట్‌ఫాలియా కంపెనీ వాళ్ళు 1951లో ఈ క్యాంపర్లను మొదలుపెట్టినప్పుడు గానీ, తర్వాత ఇంగ్లండులో సిడ్మత్ నుంచి డెవన్ వాళ్ళు, ఫోక్‌స్టన్ నుంచి డార్మొబైల్ వాళ్ళు చేసినప్పుడు గానీ, ఆ సీటును టీ తాగడానికి, పడుకోవడానికి ఊహించారు. గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచాలన్నది అప్పటి లెక్కలో లేదు.

ఆ పెట్టె మూత ఎత్తి ఒకసారి లోపలికి చూడండి. పైన మెరిసే కొత్త బకిల్, కింద బోల్టు, దాని కింద రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద వాషరు, ఆ వాషరును మోస్తున్నది వేలి మందం కూడా లేని ప్లైవుడ్. నట్టు బిగించినప్పుడే వాషరు అంచు చెక్కలోకి దిగి గుండ్రటి గాడి చేసి ఉంటుంది. మనిషి చేత్తో తిప్పిన పానాకే దిగిన చెక్క అది. ఇక లెక్క చూడండి. బెల్టు బిగింపులకు వర్తించే ఐక్యరాజ్యసమితి 14వ నిబంధన కింద కార్లలో నడుము బెల్టు బిగింపులను 22.25 కిలోన్యూటన్ల బలంతో లాగి పరీక్షిస్తారు. అంటే 2,200 కిలోల పైచిలుకు బరువు వేలాడదీసినంత. "ఇంకా మందం చెక్క వెయ్యి", "పెద్ద వాషరు వెయ్యి" అనేవాళ్ళు ఈ అంకె వినలేదు. ఒకవేళ చెక్క నిలబడిందే అనుకుందాం. ఆ పెట్టెను నేలకు పట్టుకున్నవి నాలుగు మరమేకులు. బెల్టు తెగకుండా, బకిల్ ఊడకుండా, మనిషీ పెట్టే కలిసి ముందుకొస్తాయి.

కాబట్టి రెండే దారులు. బెల్టు కొస బండి ఉక్కుకే చేరాలి. లేదా, బెల్టులతో సహా లాగి పరీక్షించిన ఉక్కు ఫ్రేము సీటు కొని, దాన్ని తయారీదారు చెప్పిన చోట్ల, చెప్పిన పలకలతో నేలకు బిగించాలి. పరీక్షించిన సీటు ఖరీదు ఎక్కువే. కొత్త రంగు మానుకుని అయినా ఇది కొనమంటాను.

"అయితే డ్రిల్లు పట్టుకుని వెనక గోడకు బెజ్జం పెట్టెయ్." ఆగండి. టీ2లో ఇంజను వెనక ఉంటుంది. సీటు వెనకున్న రేకు గోడకు అవతల, ఇంజనుకు ముందు ఉన్నది పెట్రోలు టాంకు. అటు ఏముందో చూడకుండా డ్రిల్లు పెట్టిన చోటు అదే కావచ్చు. బెజ్జం పెట్టే ముందు లోపలి అట్టలు విప్పి వెతకండి. కొన్ని బండ్లకు కంపెనీయే బెల్టు కోసం నట్లు వెల్డు చేసి, మూతలు బిగించి పంపింది. అవి ఉంటే సగం పని అయినట్టే. బెల్టు బోల్టుకు వాడుకలో ఉన్న మర 7/16 అంగుళాల యూఎన్ఎఫ్, అంటే 11 మిల్లీమీటర్ల పైన కొద్దిగా. "దగ్గరగా ఉన్న మెట్రిక్ బోల్టు పట్టించు, తిరుగుతుంది" అన్న మాట వింటే పాత నట్టు మర అరిగిపోతుంది, పట్టు పోతుంది.

నట్లు లేకపోతే వెల్డింగు తెలిసినవాడి చేత రేకు వెనక మందపాటి ఉక్కు పలక వేయించాలి. లాగుడు ఒక్క బెజ్జం మీద పడకుండా అరచేయంత మేర పరుచుకోవాలి. అంతకన్నా ముందు తుప్పు. బ్రిటన్‌లో చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు ఈ బండ్ల అడుగును తినేస్తుంది. ఎమ్ఓటీలో బెల్టు బిగింపు చుట్టూ 30 సెంటీమీటర్ల మేర తుప్పు చూస్తారు. మీరూ అంతే చూడండి. పుట్టీ, రంగు గోకి, స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే, బెల్టు సంగతి తర్వాత, ముందు రేకు మార్పించండి.

పాత సామాను దుకాణంలో బెల్టులు చవకగా వస్తాయన్నది మరో సలహా. ఆ బెల్టు ఏ గుద్దులో సాగిందో చెప్పేవాడు లేడు. సాగిన నేత కళ్ళకు కనబడదు. కొత్తదే కొనండి. బెల్టుకు కుట్టిన చీటీ మీద వలయంలో ఇంగ్లిషు 'E' అక్షరం, పక్కన అంకె ఉన్నాయో లేదో చూసుకోండి. చుట్ట (రీల్) ఉన్న బెల్టయితే చుట్టను ఏ కోణంలో బిగించాలో దానితో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. వాలు తప్పితే లోపలి తాళం పడాల్సినప్పుడు పడదు, లేదా ఎప్పుడూ పడే ఉంటుంది.

"పై బిగింపుకు చోటు లేదా? భుజం మీదుగా తెచ్చి సీటు వెనక నేలకు దించెయ్." ఇది వెన్నుపూసతో ఆడుకోవడం. పై బిగింపు భుజం ఎత్తుకన్నా తక్కువలో ఉంటే, గుద్దినప్పుడు బెల్టు మనిషిని కిందికి నొక్కుతుంది. నడుము పట్టీ తొడల మొదట, కటి ఎముక మీద కూర్చోవాలి. పొట్ట మీదికి జారితే ఎముకకు బదులు పేగులు ఆ దెబ్బ తింటాయి. ఒట్టి నడుము బెల్టు మీద బూస్టర్ సీటు పెట్టకూడదు, దానికి భుజం పట్టీ కూడా ఉండాలి. పక్కకు తిరిగి ఉన్న బల్లకు బెల్టు బిగిస్తే నడుము ఆగుతుంది, పై శరీరం పక్కకు విరుచుకుపోతుంది. ఆ బల్ల బండి ఆగి ఉన్నప్పుడు కూర్చోవడానికే.

చివరిది మన ఇళ్ళలో ప్రేమగా చెప్పే సలహా. "కాస్త సర్దుకుంటే అందరం పడతాం. ఇద్దరు పిల్లలకూ కలిపి ఒక బెల్టు పెట్టు." ఒక బెల్టులో ఇద్దరు ఉంటే, ఒకరి తల ఇంకొకరి తలకు తగులుతుంది. సీట్ల సంఖ్యను ఇంట్లో మనుషుల్ని బట్టి నిర్ణయించకండి. గట్టి ఉక్కు దొరికిన చోట్లను బట్టి నిర్ణయించండి. వెనక ఇద్దరికే సరైన బిగింపు కుదిరితే ఆ బండి వెనక ఇద్దరికే. వేసవికి ఇండియా నుంచి వచ్చిన నానమ్మకు, తాతయ్యకు కార్న్‌వాల్ సముద్రం చూపించాలనుంటే లండన్ పాడింగ్టన్‌లో పెన్జాన్స్ రైలెక్కించండి. రైలు నేరుగా వెళ్తుంది. స్టేషన్ నుంచి మీ క్యాంపర్ ఆగిన చోటి దాకా టాక్సీ మాట్లాడండి.