బాహ్యకోణ సూత్ర వ్యాఖ్యానము

మూలము: త్రిభుజమున ఒక భుజమును పొడిగించగా ఏర్పడు బాహ్యకోణము, దాని అంతరాభిముఖ కోణముల మొత్తమునకు సమానము.

టీక: త్రిభుజమన నేమో ఎరిగినవానికి చెప్పనక్కరలేదు, ఎరుగనివానికి ఈ వ్యాఖ్య అక్కరకు రాదు. కావున ప్రతిపదార్థము విడిచితిమి. సూత్రమునకు ప్రాణము ‘పొడిగించగా’ అనుటలో గలదు. ఎవరు పొడిగించిరి? ఎవరినడిగి? ప్రత్తిపాడు నల్లరేగడిలో మూడుమూలల మిరపచేను కలదనుకొనుము. దాని గట్టును మూల దాటించి తిన్నగా సాగదీసితివా, పక్కవాని పత్తిలో పడుదువు. బాహ్యకోణమెప్పుడును పరాయి పొలమందే యుండును. అందులకై తగవు పడక, తన చేలోనే దూరపు మూలలు రెండు, 50 డిగ్రీలును 70 డిగ్రీలును కూడుకొని, 120 అనుకొని ఇంటికి పోవలెనని సూత్రకారుని లోకజ్ఞత.

విశేషము: మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మాకట్టి నియమము లేదు. 11వ శతాబ్దిలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన మనవాడే. పావులూరు ఇంకొల్లు చెంతనే గలదు. ఆనాటి క్షేత్రగణితము భుజములు, లంబము, వైశాల్యము అనుచు పోయినదే గాని కోణముల జోలికి పెద్దగా పోలేదు. తరువాత మద్రాసు సర్వేవారును చేనికి అడ్డముగా గీత లాగి, దానికి లంబముగా గొలుసుతో కొలిచి ఎఫ్‌ఎంబీ అను పొలపు కొలతల పుస్తకమును నింపిరి. ఇక యూక్లిడ్ మొదటి గ్రంథము 16వ ప్రతిపాదనలో, బాహ్యకోణము అంతరాభిముఖ కోణములు రెంటిలో దేనికంటెనైనను పెద్దదని మాత్రమే చెప్పి ఊరకుండెను. సమానమనుటకు సమాంతర రేఖలు కావలెను గనుక 32వ దాని వరకు ఆగెను.

అంతటివాడు ఆగాడు. మన ఏడో తరగతిలో మాత్రం గంట కొట్టేలోపు వాక్యం అప్పజెప్పాలి. మా మేనకోడలు పరీక్షలో 120 అని రాసి, కారణం దగ్గర ‘అవతలి మూలలు రెండూ కలిపాను’ అంది. అరసున్నా కూడా కాదు, నిండు సున్నా! అంతరాభిముఖం అనలేదట. దాని పక్కబెంచీ పిల్లాడు వాక్యం పొల్లుపోకుండా రాశాడు, నిండుగా మార్కులొచ్చాయి. బాహ్యకోణం ఏదిరా అని అడిగితే త్రిభుజం లోపల వేలు పెట్టాడు.

పూర్వపక్షము: అయినచో బాహ్యకోణము దండుగయా?

సిద్ధాంతము: కాదు. గట్టు వెంట నడువుము. మూల దగ్గర నీవెంత తిరిగితివో అదే బాహ్యకోణము. మూడు మూలలు తిరిగి, బయలుదేరిన చోట మునుపటి వైపే మొగము పెట్టి నిలుతువు. తిరిగినది సరిగా ఒక చుట్టు, 360 డిగ్రీలు. మూలలు ఎట్లున్నను ఇంతే. దీనికి కావలసినది చేను చుట్టు ఒక్క నడక.

తాత్పర్యము: ముందు పిల్లల చేతికి స్కేలిచ్చి త్రిభుజపు భుజమును బయటికి లాగనిండు. వాక్యము పిదప వ్రాయించవచ్చును.